ఏడాదిలో సగానికి పైగా మట్టిలోనే.. గుట్టల్లో తెల్లపూల నేల ఆర్కిడ్

చాపాడు: ఆర్కిడ్ అనగానే పెళ్లి వేదికలపై అలంకరించే ఊదారంగు పూలే చాలామందికి గుర్తుకు వస్తాయి. థాయ్‌లాండ్ వంటి దేశాల నుంచి, పెద్ద నగరాల చుట్టూ ఉన్న నీడతోటల నుంచి అవి పూల దుకాణాలకు చేరుతాయి. ఎవరూ విత్తకుండా, నీరు పెట్టకుండా, మన జిల్లా గుట్టల్లో తమంత తాముగా పూసే ఆర్కిడ్లు కూడా ఉన్నాయన్న సంగతి తెలిసినవారు తక్కువ. వాటిలో చెట్లపై వేళ్లు చుట్టుకుని బతికేవి కొన్ని, నేలలో గడ్డ దాచుకుని వానకు మొలిచేవి కొన్ని. చెట్టుపై పెరిగే వాటిని మనవాళ్లు బదనికలతో కలిపి చెబుతుంటారు. నిజానికి ఆర్కిడ్ చెట్టు రసాన్ని పీల్చదు, కొమ్మను ఆసరాగా మాత్రమే తీసుకుంటుంది. ఇప్పుడు చెప్పబోయేది నేలపై పెరిగే ఒక ఆర్కిడ్ గురించి. వృక్షశాస్త్రంలో దాని పేరు హాబెనేరియా రాక్స్‌బర్గై.

కుందూ నది ఒడ్డున, కేసీ కాలువ ఆయకట్టులో వరి, పసుపు పండే చాపాడు పొలాల్లో ఈ మొక్కను వెతికి ప్రయోజనం లేదు. నీరు నిలిచే మడి దానికి గిట్టదు. తూర్పుగా మైదుకూరు దాటి బద్వేలు దారి పడితే నల్లమల, లంకమల గుట్టల వరుసలు ఎదురవుతాయి. పెన్నా నదికి ఆవల పాలకొండలు, వాటిని ఆనుకుని శేషాచలం కొండలు ఉన్నాయి. తూర్పు కనుమలలో భాగమైన ఈ గుట్టలే దాని తావు. రాయలసీమకే పరిమితమైనదేమీ కాదు. దక్షిణ భారతంలోని మరికొన్ని ఎండు అడవుల్లోనూ ఉంది. అయినా మన పొరుగునే ఉన్న ఈ మొక్కకు ఊరి మాటల్లో చోటు దొరకలేదు.

రూపురేఖలు

పూలు లేనప్పుడు దీన్ని ఆకులతోనే గుర్తుపట్టాలి. రెండు నుంచి నాలుగు ఆకులు, దళసరిగా, కాస్త గుండ్రంగా, కాడ లేకుండా నేలకు పూర్తిగా అంటుకుని పరచుకుంటాయి. అరచేతిని నేలపై ఆనించి ఉంచితే ఎలా ఉంటుందో అలా ఉంటాయి. మట్టికీ ఆకుకూ మధ్య గడ్డిపోచ దూరే సందు కూడా ఉండదు. ఈ అమరికలో సౌలభ్యం లేకపోలేదు. ఆకు కింద మరో కలుపు మొక్క తల ఎత్తలేదు. నేలను హత్తుకున్న ఆకును కొరకడం మేత మేసే జీవాలకు కూడా అంత తేలిక కాదు.

ఆకుల నడుమ నుంచి జానెడు, ఒక్కోసారి అంతకు మించిన కాడ నిటారుగా లేస్తుంది. దానిపై పొలుసుల్లాంటి చిన్న ఆకులు కాడకు ఒత్తుకుని ఉంటాయి. కాడ చివర తెల్లని పూలు ఒత్తుగా కంకి కట్టినట్లు పూస్తాయి. కింది పూలు ముందు విచ్చుకుని, పై మొగ్గలు ఆ తర్వాత విచ్చుకుంటాయి. అందువల్ల ఒకే కంకి చాలా రోజులు కళగా నిలుస్తుంది. పూలకు సువాసన ఉంది.

పువ్వును చేతిలోకి తీసుకోకుండా, వంగి దగ్గరగా చూడాలి. పైన చిన్న గొడుగులా కమ్ముకున్న భాగం, కింద మూడు పాయలుగా చీలి వేలాడే పెదవి, ఆ పెదవి వెనుక నుంచి కిందికి సాగిన సన్నని తోక వంటి గొట్టం కనిపిస్తాయి. ఆ గొట్టంలోనే మకరందం ఉంటుంది. ఆర్కిడ్ పూలలో మరో విచిత్రం ఉంది. మొగ్గ దశలో పెదవి పైవైపు ఉంటుంది. విచ్చుకునే ముందు పూకాడ మెలి తిరిగి పువ్వు తలకిందులవుతుంది. అప్పుడు పెదవి కిందికి వచ్చి, వచ్చే పురుగుకు వాకిలి అవుతుంది. కాయగా మారబోయే భాగంపై ఆ మెలిక జాడ కంటికే కనిపిస్తుంది.

ఇవే గుట్టల్లో దీని దగ్గరి బంధువు హాబెనేరియా ప్లాంటాజీనియా కూడా ఉంది. దానికీ ఆకులు నేల దగ్గరే ఉంటాయి, పూలు తెల్లనివే. అయితే కంకిలో పూలు పలచగా ఉండి, పెదవి పక్క పాయలు వెడల్పుగా విచ్చుకుంటాయి. కంకి ఒత్తుగా, ఆకులు గుండ్రంగా, దళసరిగా ఉంటే రాక్స్‌బర్గై అనుకోవచ్చు. తోక గొట్టం మరీ పొడుగ్గా, నాలుగైదు అంగుళాలు వేలాడుతుంటే అది ఈ రెండూ కాదు, లాంగీకార్నిక్యులేటా అనే మూడో రకం.

తావు ఎలాంటిది?

కడప జిల్లాలో ఏడాదికి సగటున కురిసేది 700 మి.మీ. వాన. అది కూడా కొన్ని నెలలలోనే. మిగిలిన కాలమంతా రాళ్లు కాగే ఎండ. ఇలాంటి చోట ఆర్కిడ్ అంటే నమ్మశక్యంగా ఉండదు. ఈ మొక్క మాత్రం ఆ వాతావరణానికి తగినట్లే తన బతుకును మలచుకుంది. గుట్టల వాలులో గులకరాయి కలిసిన ఎర్రమట్టి, పై పొరలో రాలిన ఆకుల ఎరువు, పడిన వాన నిలవకుండా జారిపోయే నేల దీనికి కావాలి. ఆకురాల్చే అడవిలో చెట్లు పలచబడి గడ్డి మొలిచే ఖాళీలు, కలివి, బలుసు పొదల అంచులు దీనికి అనువైన చోట్లు. పూర్తి నీడలో పూయదు. మరీ బయలులో మట్టి త్వరగా ఆరిపోతుంది. పొదల పక్కన పడే చెదురుమదురు వెలుగే దానికి ఇష్టం.

కలివి పొదలు అనగానే కలివికోడి గుర్తుకు రావడం సహజం. అంతరించిందనుకున్న ఆ పక్షి 1986లో ఈ జిల్లాలోనే మళ్లీ కనిపించింది. దాని కోసమే లంకమల్లేశ్వర అభయారణ్యం ఏర్పడింది. చిట్టడవిని పనికిరాని కంపగా చూసే మన చూపును ఆ ఒక్క పక్షి కొంత మార్చింది. పొదల నడుమ నేల మీద ఇంకా ఏమేమి ఉన్నాయో చూసే అలవాటు మాత్రం ఇప్పటికీ రాలేదు.

మట్టి కింద రెండు గడ్డలు

ఈ మొక్క జీవితంలో అసలు సంగతి నేల కింద ఉంది. ముంగారు వానలు పడి మట్టి తడిసిన తర్వాత ఆకులు పైకి వస్తాయి. వానాకాలంలోనే పూత పూసి, కాయలు కట్టి, వానలు వెనుదిరిగి నేల ఆరేసరికి ఆకులు పసుపుబారి ఎండిపోతాయి. ఆపై మళ్లీ ముంగారు దాకా నేలపై దాని ఆనవాలు ఉండదు. చిన్న కోడిగుడ్డు ఆకారంలో ఉండే గడ్డ రూపంలో మట్టిలో నిద్రపోతుంది.

పూసే కాలంలో మొక్క అడుగున రెండు గడ్డలు ఉంటాయి. ఒకటి నిరుడు తయారైనది. ఈ ఏటి ఆకులకు, కంకికి ఆహారం అందించేది అదే. పూత ముగిసేలోగా అది ముడతలు పడి, మెత్తబడి, ఖాళీ అవుతుంది. దాని పక్కనే నిగనిగలాడే రెండో గడ్డ ఊరుతుంది. ఈ ఏడు ఆకులు ఎండలో సంపాదించినదంతా అందులోకి చేరుతుంది. వచ్చే ఏటి మొలక దాని నెత్తిన సిద్ధంగా ఉంటుంది.

పసుపు పండించే మైదుకూరు, చాపాడు రైతులకు దీన్ని విడమరచి చెప్పనక్కరలేదు. పంట తవ్వినప్పుడు విత్తనానికి కొంత పక్కన పెట్టకపోతే మరుసటి ఏడు నాటేందుకు ఏమీ ఉండదు. అయితే పసుపు మొక్క ఒక్కటే పిడికెళ్ల కొద్దీ కొమ్ములు ఇస్తుంది. ఈ ఆర్కిడ్ సాధారణంగా ఒక గడ్డకు బదులు మరో గడ్డను మాత్రమే మిగుల్చుకుంటుంది. అందుకే పూసిన మొక్కను తవ్వి తీసుకుంటే పోయేది ఆ ఏటి పువ్వు ఒక్కటే కాదు, వచ్చే ఏటి మొక్క కూడా దానితోనే పోతుంది.

మరి విత్తనాలు లేవా అంటే లెక్కలేనన్ని ఉన్నాయి. ఒక్క కాయలో వేలకు వేలు. కాయ పగిలినప్పుడు పిండి ఎగిరినట్లు గాలిలో కలుస్తాయి. చిక్కు ఎక్కడంటే, శనగ గింజలోనో వడ్లగింజలోనో మొలకకు కావలసిన ఆహారం మూటకట్టి ఉంటుంది. ఆర్కిడ్ విత్తనంలో అది ఉండదు. మట్టిలో ఉండే ఒక రకం శిలీంధ్రం, అంటే బూజు జాతి జీవి, దానిలోకి చొరబడి ఆహారం అందిస్తేనే అది మొలకెత్తుతుంది. ఈ రహస్యాన్ని 1899లో ఫ్రాన్స్ శాస్త్రవేత్త నోయెల్ బెర్నార్ పసిగట్టాడు. అప్పటిదాకా ఆర్కిడ్ విత్తనాలు ఎందుకు మొలవవో తోటమాలులకు అంతుపట్టేది కాదు. సరైన శిలీంధ్రం ఉన్న చోట పడిన విత్తనమే మొలిచి, చీకట్లో మట్టిలోనే కొంతకాలం పెరిగి, ఆ తర్వాత తొలి ఆకు బయట పెడుతుంది. వేల విత్తనాల్లో పూతకు వచ్చేది అరుదుగా ఒకటి రెండు.

ఇంటి కుండీకి ఎందుకు రాదన్న ప్రశ్నకు కూడా జవాబు ఇదే. గడ్డతో పాటు ఆ మట్టిని, ఆ శిలీంధ్రాన్ని, ఎండాకాలపు ఆ ఎండుదనాన్ని కూడా తెచ్చుకోలేం. పైగా కుండీ కనిపిస్తే వేసవిలోనూ నీళ్లు పోయడం మన అలవాటు. నిద్రలో ఉన్న గడ్డ ఆ తడికి కుళ్లిపోతుంది.

రాత్రి అతిథులు

తెల్లని రంగు, సువాసన, లోతైన మకరందపు గొట్టం కలిసి ఉన్న హాబెనేరియా జాతి పూలకు రాత్రివేళ తిరిగే చిమ్మటలే ప్రధాన అతిథులు. చీకట్లో ఎరుపు, నీలం కనిపించవు, తెలుపు కనిపిస్తుంది. పొడవైన తొండం ఉన్న చిమ్మట గొట్టంలోని తేనె కోసం తల దూర్చినప్పుడు పుప్పొడి పొడిగా రాలదు. అది రెండు చిన్న మూటలుగా ఉంటుంది. మూటల అడుగున ఉండే జిగురు బిళ్లలు పురుగు తలకో, తొండానికో అంటుకుంటాయి. అది మరో పువ్వుకు వెళ్లినప్పుడు మూట అక్కడికి చేరుతుంది.

ఇంగ్లండ్ శాస్త్రవేత్త చార్లెస్ డార్విన్ 1862లో ఆర్కిడ్ల పరాగ సంపర్కంపై ఒక గ్రంథమే రాశాడు. మడగాస్కర్‌కు చెందిన అడుగు పొడవు గొట్టమున్న ఆర్కిడ్‌ను చూసి, అంత పొడవు తొండం ఉన్న చిమ్మట ఎక్కడో ఉండి తీరాలని అన్నాడు. చాలామంది నవ్వారు. డార్విన్ కన్నుమూసిన తర్వాత, 1903లో ఆ చిమ్మటకు శాస్త్రవేత్తలు పేరు పెట్టారు. మన గుట్టల్లోని పువ్వుకూ అలాంటి బంధమే ఉంది. పురుగు మందుల పిచికారీతో, రాత్రంతా వెలిగే దీపాలతో చిమ్మటలు తగ్గితే పూత ఎంత బాగున్నా కాయ పట్టదు.

సామర్లకోట నుంచి వచ్చిన పేరు

ఈ మొక్క పేరులోని రాక్స్‌బర్గ్‌కు తెలుగు నేలతో గట్టి సంబంధమే ఉంది. స్కాట్లండ్‌కు చెందిన వైద్యుడు విలియం రాక్స్‌బర్గ్ ఈస్టిండియా కంపెనీ ఉద్యోగిగా 1781 నుంచి సామర్లకోటలో ఉన్నాడు. అక్కడ తోట పెంచి, చుట్టుపక్కల మొక్కలన్నీ సేకరించాడు. స్థానిక చిత్రకారుల చేత వాటి బొమ్మలు గీయించాడు. చాలా మొక్కలకు తెలుగు పేర్లు కూడా నమోదు చేశాడు. 1793లో కలకత్తా వృక్షోద్యానానికి వెళ్లాడు. కోరమాండల్ తీరపు మొక్కలపై ఆయన గ్రంథం తొలి సంపుటం 1795లో లండన్‌లో వెలువడింది. అందులోనే ఈ నేల ఆర్కిడ్ బొమ్మతో సహా ఓర్కిస్ ప్లాంటాజీనియా పేరుతో అచ్చయింది. ప్లాంటాజీనియా అంటే అరటి అనుకోరాదు. ఇసబ్‌గోల్ కుటుంబానికి చెందిన ప్లాంటాగో అనే మొక్క ఆకులను పోలినదని అర్థం.

తర్వాతి కాలంలో దీన్ని హాబెనేరియా జాతిలోకి మార్చవలసి వచ్చింది. ఆ జాతిలో ప్లాంటాజీనియా పేరు అప్పటికే వేరే మొక్కకు ఉండడంతో అది దీనికి చెల్లలేదు. అమెరికా వృక్షశాస్త్రవేత్త డాన్ నికల్సన్, కర్ణాటకలోని హసన్ జిల్లా మొక్కలపై 1976లో వెలువడిన గ్రంథంలో, తొలుత బొమ్మ వేయించిన రాక్స్‌బర్గ్ పేరే దీనికి పెట్టాడు. హాబెనేరియా అన్నది లాటిన్ మాట. గుర్రపు కళ్లెం పట్టీ అని అర్థం. పెదవి పాయలు, తోక గొట్టం పట్టీల్లా వేలాడడం వల్ల ఆ పేరు వచ్చింది.

గడ్డకే గండం

ఆర్కిడ్ గడ్డలకు మందుగా, బలం ఇచ్చే ఆహారంగా పేరుండడం ఈ ఒక్క దేశంలోనే కాదు. ఆయుర్వేదంలోని అష్టవర్గ మూలికల్లో ఋద్ధి, వృద్ధి అనేవి హిమాలయాల్లో పెరిగే హాబెనేరియా గడ్డలే. తుర్కియేలో నేల ఆర్కిడ్ల గడ్డలను ఎండబెట్టి, పొడి చేసి సాలెప్ అనే పానీయం కాచుకుంటారు. ఆ పొడి ఒక్క కిలో కావాలంటే వెయ్యికి పైగా గడ్డలు తవ్వాలి. ఆఫ్రికాలోని జాంబియాలో ఆర్కిడ్ గడ్డల పిండి, పల్లీల పిండి కలిపి చికండ అనే వంటకం చేస్తారు. గిరాకీ పెరిగి అక్కడి గడ్డలు చాలక పొరుగు దేశాల నుంచి తెప్పించుకునే పరిస్థితి వచ్చింది.

మన కొండల పరిసరాల్లోనూ ఇలాంటి గడ్డలను నాటువైద్యంలో వాడే అలవాటు ఉంది. అడవిని ఎరిగిన పాతతరం వారు అవసరానికి ఒకటి తీసి తక్కినవి వదిలేసేవారు. సంతకు, బేరానికి తవ్వడం మొదలైతే ఆ కట్టు నిలవదు. మరో మాట. పాముకాటుకు ఏ గడ్డ అరగదీసి పూసినా కాలయాపనే అవుతుంది. ఆసుపత్రికి చేరి విషానికి విరుగుడు సూది వేయించుకోవడం ఒక్కటే మార్గం.

ఆర్కిడ్ కుటుంబం మొత్తానికీ సైటిస్ అనే అంతర్జాతీయ ఒప్పందం వర్తిస్తుంది. అనుమతి పత్రాలు లేకుండా అడవి ఆర్కిడ్లను దేశం దాటించడం నేరం. రిజర్వు అడవిలో మొక్కను పెకలించడానికీ అటవీ చట్టం ఒప్పదు. 2019లో బొటానికల్ సర్వే ఆఫ్ ఇండియా ప్రచురించిన లెక్క ప్రకారం మన దేశంలో 1,256 రకాల ఆర్కిడ్లు ఉన్నాయి. వాటిలో 447 నేలపై పెరిగేవే. చట్టాలు, జాబితాలు ఉన్నాయి గానీ అడవి హద్దు రాళ్లకు ఇవతల ఉన్న గుట్ట పాదాలు, మిట్టలు, బీళ్లు వాటి చూపులో పడవు.

అసలు నష్టం అక్కడే, అదీ వేసవిలోనే జరుగుతుంది. రోడ్లకు, లేఅవుట్లకు ఎర్రమట్టి తవ్వకాలు జోరందుకునేది ఎండలు ముదిరాకే. గుట్టల వాలుల్లో వాన నీటిని ఆపేందుకు 2006 తర్వాత ఉపాధి హామీ కింద తవ్విన కందకాలు కూడా పొలం పనులు లేని వేసవిలోనే ఎక్కువగా సాగాయి. నీటిని నిలిపే పని మంచిదే, కాదనలేం. అయితే ఆ నెలల్లో చూసేవారికి అక్కడ రాళ్లు, ఎండుగడ్డి తప్ప ఏమీ కనిపించదు. పార వేటుకు తెగేది ఏమిటో తవ్వేవారికి తెలిసే వీలు లేదు. ఖాళీ నేల అని కాగితంపై రాసే ముందు అదే చోటును వానాకాలంలో ఒకసారి నడిచి చూడడం పెద్ద ఖర్చుతో కూడిన పని కాదు. కంకులు కనిపించిన చోట నాలుగు రాళ్లు పాతి గుర్తు పెట్టుకుంటే, కందకాన్ని పది గజాలు పక్కకు జరపవచ్చు.

వేసవిలో గడ్డి మీదుగా వేగంగా పాకిపోయే నిప్పును మట్టిలోని గడ్డ తట్టుకోగలదు. వానలు తగ్గి, ఆకులు ఇంకా పచ్చగా ఉండి, కొత్త గడ్డ ఊరుతున్న సమయంలో నిప్పు పెడితే మాత్రం ఆ ఏటి సంపాదన బూడిదవుతుంది. గుట్ట అంచుల్లో సర్కారు తుమ్మ, వయ్యారిభామ కమ్ముకుంటున్న చోట కూడా దీనికి నిలువ నీడ దక్కదు. నీడ ఎక్కువై అని చెప్పడం ఇక్కడ సరైన మాట.

చూడాలంటే..

శ్రావణ, భాద్రపద మాసాల్లో, రెండు మూడు మంచి వానలు పడిన తర్వాత గుట్టల వైపు వెళ్లేవారు బాట పక్క గడ్డిలో చూపు నిలిపితే చాలు. రిజర్వు అడవిలోకి వెళ్లాలంటే అటవీశాఖ అనుమతి తప్పనిసరి. అభయారణ్యంలో ఆ నియమం మరింత కఠినం. సాయంత్రం వేళ పూల సువాసన తెలుస్తుంది. ఫొటో తీసేటప్పుడు చుట్టూ ఉన్న గడ్డిని పీకి శుభ్రం చేయకూడదు. ఆ గడ్డే దానికి మరుగు. మోకాలు ఆనించే ముందు కింద మరో మొక్క ఆకులు పరచుకుని ఉన్నాయేమో చూసుకోవాలి. పూసే వయసు రాని చిన్న మొక్కలు ఒక్క ఆకుతోనే ఉంటాయి.

గుట్టల దాకా వెళ్లలేనివారు చలికాలంలో వరి గట్లను చూడవచ్చు. జ్యూక్సైన్ స్ట్రాటుమాటికా అనే మరో నేల ఆర్కిడ్‌కు తడి గట్లు, కాలువ పక్క గడ్డి నేలలే తావు. ఇది వేలెడు మొదలు జానెడు ఎత్తు వరకు ఉండే చిన్న మొక్క. ఆకులు సన్నగా గడ్డిని పోలి, కాస్త రాగి రంగు తిరిగి ఉంటాయి. చివరన పసుపు పెదవితో చిన్న తెల్లపూలు గుత్తిగా ఉంటాయి. ఆసియా నుంచి ఎలాగో ప్రయాణించి అమెరికాలోని ఫ్లోరిడాకు చేరిన ఇది 1936లో అక్కడ తొలిసారి కనిపించింది. ఇప్పుడు అక్కడి ఇళ్ల ముంగిటి పచ్చికల్లో కలుపులా మొలుస్తోంది. మన గట్ల మీద మాత్రం పూత రాకముందే కలుపు మందు పడుతోంది. గట్టును కొడవలితో కోసే రైతు ఉన్న చోట ఇంకా దొరికే అవకాశం ఎక్కువ.